కప్పని తన్ను

మార్చి 3, సోమవారం

కోపం లేదు. కోపం తెచ్చుకోవలసినంత విషయం కూడా కాదు.

మా వీడియో ఆటలోని నీళ్ళగదిలో పసుప్పచ్చ బాణం గీయాలట! ఎటు వెళ్ళాలో చూపిస్తూ, గోడ మీద, ఇంత లావు బాణం! ఏడాదిపాటు ఒక్కో రాయీ నేనే పేర్చుకున్న గది అది. రెండు చక్రాలు. పెద్దది తిప్పితే నీళ్ళు పెరుగుతాయి, చిన్నది తిప్పితే తగ్గుతాయి. బయటికి దారి పైనెక్కడో, చేతికందని ఎత్తులో ఉన్న కన్నం. నీళ్ళు మరీ పెంచితే తూము తెరుచుకుని మొత్తం ఖాళీ, మళ్ళీ మొదటికి. ఎంతవరకు పెంచాలో గోడే చెబుతుంది. ఒకప్పుడు నీళ్ళు నిలిచిన ఎత్తున గది చుట్టూ పాచి గీత ఉంది. అక్కడ ఆపి, ఈదుకుంటూ వెళ్ళి, కన్నం అంచు పట్టుకుని ఎక్కేయడమే. ఇంతకంటే ఏం చెప్పాలి మనిషికి? వీపు మీద చరిచి లోపలికి తోయాలా?

పోయిన వారం ఆట ఆడి చూడటానికి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆ గదిలోనే ప్యాడ్ కింద పెట్టేశారు. చక్రాలు తిప్పారు, తిప్పారు, విసుగొచ్చి లేచిపోయారు. గోడ వంక ఒక్కరూ చూడలేదు. దాంతో మా మేడమ్ ఇవాళ మీటింగులో బాణం అంది. మేడమ్ అని ఎదురుగా అంటాం, వెనకాల అందరూ గడియారం అనే అంటారు. ఏ మాటైనా చేతి వంక చూసుకోకుండా మొదలెట్టదు, చూసుకోకుండా ముగించదు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలీదు, కూర్చునే చెప్పొచ్చు. "ఆ గోడ మీద బాణం పడిన రోజు నేను ఈ ఆఫీసులో ఉండను," అన్నాను.

గడియారం చేతి వంక చూసుకుని, సరే, నెలాఖరులోగా ఇంకో పరీక్ష పెడదాం, ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళు బయటికొస్తే బాణం మాటెత్తను, రాకపోతే బాణం పడుతుంది, ఆ తర్వాత మీ ఇష్టం అంది. 'మీ ఇష్టం' అనే మాటని అంత చల్లగా అనొచ్చని నాకు ఇవాళే తెలిసింది.

అదే రోజు, సాయంత్రం

మా ఆవిడకి చెప్పాను. మందుల షాపు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మొత్తం విని, "మళ్ళీ లేచి నిలబడ్డారా?" అంది.

అంతే. పోయిన ఉద్యోగంలో కూడా ఇలాగే లేచి నిలబడ్డానని, తర్వాత చాలాకాలం ఇంట్లో కూర్చున్నానని తను అనలేదు. నాకు వినబడింది. కోపం లేదు.

మార్చి 5, బుధవారం

సోడాబుడ్డి అడిగాడు, మీరెప్పుడూ చెప్పే ఆ పాత వీడియో ఆటల్లో అంత ఏముంది అన్నా అని. నీళ్ళగదిలో నీళ్ళు కదిలే ప్రోగ్రామంతా రాసింది వాడే. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్న నన్నే పోల్చుకోలేడు. అలాంటివాడు అడిగితే ఏం చెబుతాం? చెప్పడం మొదలుపెట్టాను, వాడి టీ చల్లారిపోయింది, ఇంకోటి తెప్పించుకున్నాడు, అదీ చల్లారిపోయింది.

క్యాసెట్ తీసి, అడుగున 'ఉఫ్' అని ఊది, మళ్ళీ డబ్బాలో గుచ్చితే టీవీ తెర వెలిగేది. ఎందుకు వెలిగేదో ఎవడికీ తెలీదు! తెర మీద చేతిలో తాడుతో ఒక పిల్ల. ఆ అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు కాబట్టి దానికి తాడుపిల్ల అని పేరు పెట్టుకున్నాం. అది ఎందుకు ఆ కోటలోకి వెళ్ళిందో, ఎవర్ని వెతుకుతోందో మాకు ఈనాటికీ తెలీదు. పటం లేదు. బాణం లేదు. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే సదుపాయం లేదు. చస్తే మళ్ళీ కోట గుమ్మం దగ్గర్నుంచే. అందుకని డబ్బా ఆపకుండా, నాన్న కంట ఎర్ర లైటు పడకుండా తువ్వాలు కప్పి బడికి పోయేవాళ్ళం. బళ్ళో కూర్చుంటే లెక్కల మాస్టారి గొంతు వెనక ఆ కోట సంగీతమే!

చచ్చి, చచ్చి, ఆ కోట మా ఇల్లంత తెలిసిపోయింది. ఏ మెట్టు విరుగుతుందో, ఏ గబ్బిలం ఎన్ని ఊపులు ఊగి మీద పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఒక తలుపు తెరుచుకుంటే ఆ సంబరం ఎంతని? మంచం మీద ఎగిరేవాణ్ణి! ఇప్పటి ఆటల్లో తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి, పైగా చప్పట్లు కూడా కొడతాయి. ఎవడిక్కావాలి?

పదేళ్ళప్పుడు, నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా ఆ ఆట చివరిదాకా గెలిచాను. అక్క పక్కన కూర్చుని జడ అల్లుకుంటూ "ఆ రాతికప్పని తన్ను" లాంటి పిచ్చిమాటలేవో వాగుతూ ఉండేదనుకోండి, అది లెక్కలోది కాదు.

సోడాబుడ్డికి ఇదంతా చెప్పాక, "అందుకా మన నీళ్ళగది మూలన కప్ప పెట్టారు? అదేం చేస్తుందన్నా?" అన్నాడు. ఏమీ చేయదు. నీళ్ళుంటే కప్ప ఉండదా?

మార్చి 6

సోడాబుడ్డి చిన్న బాణం పెడదామంటున్నాడు. చిన్న బాణం కూడా బాణమే.

మార్చి 9, ఆదివారం

బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది! వీళ్ళందరికీ ఆ పాత ఆటనే చూపిస్తే? బాణం లేకుండా మనిషి దారి ఎలా వెతుక్కుంటాడో నేనే ఆడి చూపిస్తే గడియారం నోరు మూతపడుతుంది.

డబ్బా అక్క దగ్గరుంది. ఫోన్ చేస్తే ఎత్తదు, పగలంతా కారులోనే ఉంటుంది. డ్రైవింగ్ నేర్పుతుంది అక్క. ఊళ్ళో సగంమందికి ఎడమా కుడీ నేర్పింది తనే అని చెప్పుకుంటుంది. మధ్యాహ్నం వెళితే, ఆ డబ్బాని ఏకంగా కార్లో డ్రైవరు సీటు మీద, దిండు కింద పెట్టి వాడుతోంది! పొట్టివాళ్ళకి రోడ్డు కనబడాలంటే సరిగ్గా ఆ ఎత్తు కావాలట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరిస్తే, "పనికొచ్చే చోట పెట్టాను, నీలాగా అటక మీద పెట్టి ఏడవలేదు," అంది. క్యాసెట్ మాత్రం శుభ్రంగా గుడ్డలో చుట్టి బీరువాలో దాచింది.

ఇంటికి తెచ్చి ఊదాను. వెలిగింది! వెలిగింది! మా ఆవిడని వంటింట్లోంచి లాక్కొచ్చి చూపించాను. ఆ పిల్లకి మొహం ఎక్కడుంది అని అడిగింది. కోట గుమ్మం చూసి తృప్తిగా కట్టేశాను. అసలు ఆట ఆఫీసులోనే.

మార్చి 11, మంగళవారం

చూపించాను. ఫరవాలేదు.

భోజనాల వేళ అందరూ చుట్టూ చేరారు. గడియారం కూడా వచ్చి వెనకాల నిలబడింది. గుమ్మం, విరిగే మెట్టు, గబ్బిలం, అన్నీ దాటాను. చేతులకి గుర్తుంది! "చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడుగుతూ మరీ దాటాను. తర్వాత తాళ్ళ హాలు వచ్చింది. ఆరు తాళ్ళు వేలాడుతున్నాయి. ఏది పట్టుకోవాలో చప్పున తట్టలేదు. ఒకటి పట్టుకుంటే తెగి పడ్డాను. ఇంకోటి, అదీ అంతే. మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి. మళ్ళీ తాళ్ళ హాలు. మళ్ళీ గుమ్మం. జనం ఒక్కొక్కరే టిఫిన్ డబ్బాలు తీసుకుని జారుకున్నారు. గడియారం చేతి వంక చూసుకోను కూడా లేదు, ఊరికే వెళ్ళిపోయింది.

కుర్చీ సరిగ్గా లేదు. మెడ పట్టేసింది.

మార్చి 12

మా ఆవిడ మెడకి మందు రాసింది. ఎడమ వైపే నొప్పి. కుర్చీ మార్పించాలి.

మార్చి 14, శుక్రవారం

కోపం వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను.

అందరూ పనిలో ఉండగా డబ్బా మళ్ళీ పెట్టాను, సోడాబుడ్డి ఒక్కడే ఉన్నాడు. తాళ్ళ హాలు దగ్గర మళ్ళీ ఆగిపోయాను. వాడు కళ్ళజోడు తుడుచుకుంటూ, "అన్నా, ఒకటడగనా? మీరు ఎడమ పక్కకి తిరిగి ఎవర్ని అడుగుతున్నారు?" అన్నాడు.

ఎవర్నీ అడగలేదు అన్నాను. "అడుగుతున్నారన్నా. మంగళవారం కూడా చూశాను. చిక్కుపడ్డ ప్రతిసారీ అటు తిరిగి, ఇప్పుడెటు, అంటున్నారు."

నా ఎడమ పక్క ఉన్నది నీళ్ళ క్యాను.

నీ నీళ్ళ ప్రోగ్రాములో తప్పులు చూసుకోవోయ్ ముందు అని కసిరాను. వాడు తల దించుకుని పోయాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ ఆడాను, ఈసారి కావాలనే మెడ బిగించి కూర్చున్నాను. గబ్బిలం. మెట్టు. తాళ్ళు. మెడ దానంతటదే తిరిగింది. నోరు దానంతటదే, "ఇప్పుడెటు?" అంది.

అక్క జడ అల్లుకుంటూ ఉండేది. మా మంచానికి ఎడమ చివర కూర్చుని.

మార్చి 15

మెడ నొప్పి లేదు. మెడకి ఎప్పుడూ ఏమీ కాలేదు.

మార్చి 16, ఆదివారం

అక్కకి ఆదివారమే ఎక్కువ పని. మాట్లాడాలంటే వెనక సీట్లో కూర్చో, దారిలో మాట్లాడుకుందాం అంది. కూర్చున్నాను. స్టీరింగు ముందు బ్యాంకులో పనిచేసే ఒక పెద్దమనిషి, మెడ మీద చెమటలు కారుతున్నాయి. అక్క కాళ్ళ దగ్గర బ్రేకు ఇంకోటి ఉంటుంది గానీ, దాని మీద కాలు పెట్టి ఉంచడం తప్ప ఏమీ చేయదు. ఎడమ, కుడి అని కూడా అనదు. ఆయన అద్దం చూడకుండా పక్కకి తిప్పబోతే చిన్నగా దగ్గుతుంది. ఆయన ఉలిక్కిపడి అద్దం చూస్తాడు.

చెప్పొచ్చుగా అన్నాను. చెబితే నా నోరు చూస్తారు, రోడ్డు చూడరు అంది.

ఆ ముక్క విన్నాక ఆగలేక మొత్తం కక్కేశాను. బాణం, పందెం, తాళ్ళ హాలు, నీళ్ళ క్యాను, అన్నీ. బ్యాంకాయన కూడా వింటున్నాడు, విననీ. ఆ ఆట నిజానికి గెలిచింది నువ్వేనని, ఏ తాడు పట్టుకోవాలో, ఎటు దూకాలో అన్నీ నీకు తెలుసని, నేను ఒట్టి చేతులు ఆడించానని అన్నాను. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది.

అక్క వెనక్కి తిరిగి చూసింది. "నాకేం తెలుసురా? నోటికొచ్చింది చెప్పేదాన్ని."

"నువ్వు చెబితే తలుపులు తెరుచుకునేవి."

"వంద చెబితే ఒకటి. మిగతా తొంభై తొమ్మిదీ నువ్వు మర్చిపోయావు. కప్పని ఎన్నిసార్లు తన్నించాను నీ చేత? ఒక్కసారైనా ఏమైనా జరిగిందా? ఏం కాలేదేంటే అని నువ్వు నా మీద విరుచుకుపడితే ఏమనేదాన్ని, గుర్తుందా?"

గుర్తొచ్చింది. 'నాకు తెలుసు, నువ్వు చూడాలనే చెప్పాను' అనేది. కళ్ళార్పకుండా అనేది!

మరి తెలీకుండా ఎందుకు చెప్పేదానివి అని అడిగాను. అక్క దగ్గింది. బ్యాంకాయన అద్దం చూసుకున్నాడు. కారు మలుపు తిరిగాక అంది. "నీకు దారి తోచకపోతే మొహం మాడ్చుకుని టీవీ కట్టేసేవాడివి. నాకేమో తర్వాతి గదిలో ఏముందో చూడాలని ఉండేది. అందుకని ఏదో ఒకటి చెబుతూ ఉండేదాన్ని, నువ్వు కట్టేయకుండా."

ఆ తర్వాత బ్యాంకాయన చాలా బాగా నడిపాడని అక్క మెచ్చుకుంది. నాకేమీ గుర్తులేదు.

మార్చి 17, సోమవారం

దొరికింది! దొరికింది! మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఆఫీసుకి పోయాను. ముందు సోడాబుడ్డికి క్షమాపణ చెప్పాను. వాడు దేనికన్నాడు, మర్చిపోయాడో నటించాడో.

నీళ్ళగది గోడ అవతల ఒక మనిషిని పెడుతున్నాం. చిన్న కిటికీ చువ్వల వెనక, మనకి కనబడదు, గొంతు మాత్రం వినబడుతుంది. ఎప్పటినుంచో అక్కడ బందీగా ఉంది. ఇటువైపు ఏముందో ఆవిడెప్పుడూ చూడలేదు. అయినా సలహాలు చెబుతుంది! ధీమాగా చెబుతుంది! ఎక్కువ తప్పులే చెబుతుంది. బాణం ఎప్పుడూ నిజమే చెబుతుంది, అందుకే బాణం చూశాక మనం ఇంకేమీ చూడం. ఈవిడ మాట నమ్మలేం కాబట్టి మనమే చూసుకోవాలి. చూసుకుంటాం కూడా, ఎందుకంటే వదిలేసి పోతే ఆవిడ మాట మధ్యలో ఆగిపోతుంది.

గడియారం చివరిదాకా విని, "అంటే కొన్న ప్రతివాడికీ డబ్బాలో మీ అక్కగారిని పెట్టి పంపుతారా?" అంది.

అవునన్నాను. కూర్చునే అన్నాను.

చేతి వంక చూసుకుంది. గొంతు కోసం ఎవర్నీ పిలిపించేది లేదు, ఉన్నవాళ్ళతో కానిచ్చుకోండి, పరీక్ష మాత్రం అనుకున్న రోజే అంది. చాలు! అంతకంటే ఏం కావాలి?

మార్చి 20, గురువారం

అక్క గొంతు రికార్డు చేశాం, కార్లో, అద్దాలెత్తి. మా ఆఫీసులో కంటే ఆ కారులోనే నిశ్శబ్దం. సోడాబుడ్డి వెనక సీట్లో మైకు పట్టుకుని ముడుచుకు కూర్చున్నాడు. నేను రాసుకెళ్ళిన మాటలు అక్క రెండు చదివి, ఇలా ఎవరు మాట్లాడతార్రా అని కాగితం మడిచి డాష్‌బోర్డు మీద పడేసింది. తర్వాత కళ్ళు మూసుకుని తనే మొదలుపెట్టింది. పెద్ద చక్రం తిప్పు. కాదు, చిన్నది. నేను చిన్నదనే అన్నాను. నీ వెనక ఏదో ఉంది, లేకపోతే పోనీలే. కప్పని తన్ను. ఏం కాలేదా, నాకు తెలుసు, నువ్వు చూడాలనే చెప్పాను. ఒక్క నిమిషం ఊరుకుని, మళ్ళీ, ఈ గోడంతా పాచి, ఈ కంపు భరించలేకపోతున్నా, నీ వైపు కూడా ఇంతేనా?

నేను సోడాబుడ్డి వంక చూశాను, వాడు నా వంక చూశాడు. పాచి గీత సంగతి అక్కకి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. గోడ అవతల ఉన్నానని ఊహించుకుంటే కంపే గుర్తొచ్చిందట.

మార్చి 24

నిద్ర పట్టడం లేదు. భయం కాదు.

భయమే.

మార్చి 25, మంగళవారం

ఎలా రాయను? అక్షరాలు గుండ్రంగా రావడం లేదు!

ఆడి చూడటానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టారు. మేమంతా అద్దం ఇవతల. మొదట వచ్చినతను, బట్టతల ఆయన, చక్రం తిప్పాడు, నీళ్ళు నిండాయి, తూము తెరుచుకుంది, ఖాళీ. పోయినసారి జనం ప్యాడ్ పెట్టేసింది సరిగ్గా ఇక్కడే. అక్క గొంతు, 'నేను చిన్నదనే అన్నాను' అంది. ఆయన తెర వంక తిరిగి, "ఎప్పుడన్నావమ్మా?" అన్నాడు. నిజంగా అన్నాడు! ఆ తర్వాత ఇక లేస్తేనా? వాదన పెట్టుకున్నాడు. కప్పని తన్నాడు, తిట్టాడు, మళ్ళీ తన్నాడు. పాచి కంపు మాట రాగానే చెయ్యాగింది. తల ఎత్తి గోడ చూశాడు. చూసి, చక్రం వదిలేసి, "ఓహో," అన్నాడు.

ఆ 'ఓహో' కోసమే కదా నేను ఈ పనిలోకి వచ్చింది!

అందరూ బయటపడలేదు. ఇద్దరు పడలేదు. వాళ్ళు కూడా టైమైపోయిందంటే లేవలేదు, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని బతిమాలుకున్నారు. కాలేజీ అమ్మాయి ఒకతె కన్నం ఎక్కేముందు కిటికీ దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఈవిడని ఎలా విడిపించాలి అని అడిగింది. అది మేమెవరమూ ఆలోచించలేదు. గడియారం సోడాబుడ్డి వంక తిరిగి, అవును, ఎలా విడిపించాలి అంది. చేతి వంక చూసుకోలేదు.

బాణం లేదు. నేను ఉన్నాను.

మా ఆవిడకి ఫోన్ చేసి చెబితే, కూర్చునే ఉన్నారా అని అడిగింది. లేదు, ఈసారి ఎగిరి గంతేశాను అన్నాను.

మార్చి 30, ఆదివారం

అక్క భోజనానికి వచ్చింది. ఆదివారం పని మానుకుని రావడం నేనెప్పుడూ చూడలేదు. తిన్నాక నీళ్ళగది పెట్టి ప్యాడ్ చేతికిచ్చాను. వద్దురా, నాకు పక్కన కూర్చుని చూడటమే ఇష్టం, ఆడితే ఏమీ చూడలేం అంది. మా ఆవిడ బలవంతం చేస్తే పుచ్చుకుంది. స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. నేను మంచం ఎడమ చివర కూర్చున్నాను.

తన గొంతు తనకే వినబడేసరికి, ఎవర్రా ఈ దయ్యం అంది. అది చెప్పిన దానికల్లా అడ్డం తిరిగింది. పెద్దదంటే చిన్నది తిప్పింది, చిన్నదంటే పెద్దది. నీళ్ళు నిండాయి, పోయాయి. మళ్ళీ నిండాయి, పోయాయి. మా ఆవిడ నవ్వాపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అక్క మొహంలో మెల్లగా నవ్వు పోయింది. నా మొహం ఒకప్పుడు ఎలా మాడేదో అప్పుడు చూశాను.

"చాలురా. నా వల్ల కాదు. కట్టెయ్," అని ప్యాడ్ ఒళ్ళో పెట్టేసింది.

పాచి గీత మాట నా నాలిక చివర ఉంది. ఆ గదిలో ప్రతి రాయీ నాకు తెలుసు. ఒక్క ముక్క చెబితే చాలు, అక్క బయటపడుతుంది. ఆ తర్వాతి గది ఎంత బాగుంటుందో! అక్క దాన్ని చూడాలి, ఎలాగైనా చూడాలి, అదొక్కటే అనిపించింది.

"కప్పని తన్ను," అన్నాను.

అనుమానంగా చూసింది. ప్యాడ్ తీసుకుని, మూలకి వెళ్ళి, తన్నింది. ఏమీ జరగలేదు.

"ఏం కాలేదేంట్రా?"

"నాకు తెలుసు. నువ్వు చూడాలనే చెప్పాను."

అక్క నా వంక తిరిగింది. కళ్ళు తుడుచుకుంది, నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు. తర్వాత ప్యాడ్ గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది.

"కాస్త జరుగు," అంది. "గోడ కనబడటం లేదు."

జరిగాను.